తలనీలాలు ఎవరికి ఇచ్చాం? ఒక యూదు తీర్పు అడిగినవీ, అడగనివీ

2004 మే నెలలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్ వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. కట్టుబాట్లు గట్టిగా పాటించే యూదు కుటుంబాల ఆడవాళ్లు రోజూ తలకు పెట్టుకునే విగ్గులవి. ఒక్కోటి వెయ్యి డాలర్లు దాటేవి కూడా ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోనూ అదే జరిగింది. కారణం ఏమిటంటే, ఆ విగ్గుల్లో తిరుమల కొండ మీద మనవాళ్లు ఇచ్చిన తలనీలాలు ఉన్నాయని, వాటిని వాడటం తమ ధర్మశాస్త్రం ప్రకారం నిషిద్ధమని జెరూసలేంలో యూదు మతపండితుడు, వాళ్ల మాటలో రబ్బీ, యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ తీర్పు చెప్పారు. అప్పటికి ఆయనకు తొంభై దాటాయి. ఆ వర్గంలో ఆయన మాటకు ఎదురు లేదు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మనవాళ్ల దగ్గర వినిపించే మొదటి మాట, "మన స్వామిని విగ్రహం అంటారా?" అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కొన్నేళ్లుగా యూదు ధర్మశాస్త్రం, వాళ్లు హలఖా అంటారు, దాని గురించి చదువుతూ వచ్చాక నా అభ్యంతరం వేరే చోట తేలింది. వాళ్లు మన భక్తిని తక్కువ చేశారని నేను అనుకోవడం లేదు. జుట్టు ఎవరికి ఇచ్చారన్నది అంత గట్టిగా అడిగిన శాస్త్రం, ఇచ్చిన మనిషి గురించి దాదాపు ఏమీ అడగలేదు. అడగడానికి కావలసినవన్నీ ఆ శాస్త్రంలోనే ఉన్నాయి. నా బాధ అదీ.

ముందు విగ్గు సంగతి. పెళ్లయిన స్త్రీ బయటకు వెళ్లేటప్పుడు జుట్టు కప్పుకోవాలన్నది వాళ్ల నియమం. దాదాపు 1800 ఏళ్ల కిందటి ధర్మసూత్రాల సంకలనం మిష్నాలోనే ఆ మాట ఉంది. కొందరు స్కార్ఫ్ కట్టుకుంటారు, కొందరు టోపీ పెట్టుకుంటారు, తూర్పు యూరప్ మూలాలున్న చాలామంది విగ్గు పెట్టుకుంటారు. జుట్టును జుట్టుతోనే కప్పడమేమిటని వాళ్లలో వాళ్లకే శతాబ్దాలుగా వాదం నడుస్తోంది. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా వైపు మూలాలున్న సెఫార్డీ యూదుల పెద్ద రబ్బీ ఓవదియా యోసెఫ్ అయితే విగ్గే కూడదన్నారు. ఆయన మాట వినేవాళ్లకు తిరుమల జుట్టు అసలు సమస్యే కాలేదు.

విగ్గు పెట్టుకునేవాళ్లకు వచ్చిన చిక్కు ఇది. ఇతర దేవతల విగ్రహానికి సమర్పించిన వస్తువు నుంచి ఏ రకమైన లాభమూ పొందకూడదు. తినకూడదు, కట్టుకోకూడదు, అమ్ముకోకూడదు. విగ్రహాన్నయితే దాన్ని పూజించేవాడే వద్దనుకుని కాదంటే ఆ నిషేధం తొలగుతుంది. సమర్పించిన వస్తువుకు ఆ దారి కూడా లేదు. ఒకసారి ఇచ్చారంటే ఇచ్చినట్టే. అందుకే విగ్గులు ఎవరికీ దానం ఇవ్వలేదు, వెనక్కి పంపలేదు, కాల్చేశారు.

అయితే జుట్టు సమర్పణ అవుతుందా? ఇక్కడే హలఖా పనిచేసే తీరు నన్ను కట్టిపడేస్తుంది. వాళ్లకూ మొక్కు జుట్టు తెలుసు. బైబిల్లో సంఖ్యాకాండం ఆరో అధ్యాయం చూడండి. నాజీరు అనే వ్రతం పట్టినవాడు ద్రాక్షరసం ముట్టడు, తల మీద కత్తి పడనివ్వడు. గడువు తీరాక గుడారపు వాకిట తల గొరిగించుకుని, ఆ జుట్టును సమాధానబలి కింద మండే మంటలో వేస్తాడు. మొక్కుకుని జుట్టు పెంచి, తీర్చుకున్న రోజున తీయించుకోవడం మనకు ఎంత తెలిసిన పనో వాళ్ల పూర్వీకులకూ అంతే తెలుసు. కాబట్టి తిరుమలలో జరిగేది వాళ్లకు అంతుపట్టని వింత ఏమీ కాదు.

వాదం చిన్న చిన్న అంశాల మీద నడిచింది. జుట్టును విగ్రహం ముందు పెడతారా, లేక దూరంగా తీసి వదిలేస్తారా? గొరిగే పనే పూజా, లేక పూజకు ముందు శుద్ధా? గొరిగేది ఒకరు, మొక్కుకున్నది ఇంకొకరు అయినప్పుడు ఎవరి మనసు చూడాలి? ఈ చివరి ప్రశ్న మిష్నాలో జంతువును కోసే సందర్భంలో వస్తుంది. అన్యుడి పశువును యూదుడు కోస్తే, సొంతదారుడి మనసులో తన దేవుడే ఉంటాడు కాబట్టి ఆ మాంసం చెల్లదని రబ్బీ ఎలియేజెర్ అంటాడు. కాదు, కత్తి పట్టినవాడి మనసే లెక్క అని రబ్బీ యోసే అంటాడు. ఇప్పుడు పశువు స్థానంలో కొండ మీద గుండు చేయించుకున్న మా అమ్మ తల, కత్తి స్థానంలో క్షురకుడి చేతిలో సగం విరిచిన బ్లేడు.

కల్యాణకట్ట చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ల కోసం చెబుతాను. టోకెన్ తీసుకుని హాల్లోకి వెళితే వరసగా క్షురకులు కూర్చుని ఉంటారు. తల తడుపుకుని ముందుకు వంగి కూర్చోవాలి. "గోవిందా" అని మొదలుపెడతారు, నాలుగైదు నిమిషాల్లో పని అయిపోతుంది. పొడుగు జడ ఉన్న ఆడవాళ్లకు ముందు జుట్టును గట్టిగా ముడివేసి, ఆ ముడి చెదరకుండా తీస్తారు. కింద నేలంతా తడి, కాళ్లకు చుట్టుకునే చిన్న వెంట్రుకలు, పక్కన గుక్కపట్టి ఏడ్చే పిల్లలు. తీసిన జుట్టు హుండీలోకి పోతుంది, మనం స్నానానికి పోతాం. ఆ తర్వాతే దర్శనం. జుట్టు గర్భగుడి వైపు వెళ్లదు. తెగిన వెంట్రుక మనకు మైల కూడా. అన్నంలో ఒక్కటి కనిపిస్తే కంచం పక్కకు తోస్తాం.

ఇదంతా చూస్తే, జుట్టు సమర్పణ కాదనే రబ్బీల మాటే నిజమనిపిస్తుంది. అలా అన్న పెద్ద పండితులు అమెరికాలోనూ ఉన్నారు.

కానీ ఒకసారి మా ఇంట్లో అడిగి చూశాను. నాన్న గుండె ఆపరేషన్ తర్వాత అమ్మ కొండకు వెళ్లి గుండు చేయించుకుంది. "జుట్టు ఎవరికి ఇచ్చావమ్మా?" అంటే, "స్వామి జుట్టేం చేసుకుంటాడే? ఆపరేషన్ బాగా జరిగితే చేయించుకుంటానన్నాను, చేయించుకున్నాను" అంది. పక్కనే ఉన్న పిన్ని ఒప్పుకోలేదు. "అదేంటక్కా, నీలాదేవికి చేరుతుంది కదా" అంది. పశువుల కాపరి గొడ్డలి దెబ్బకు స్వామి తల మీద కొంత జుట్టు పోవడం, నీలాదేవి తన జుట్టు తీసి అక్కడ పెట్టడం, భక్తులు ఇచ్చే తలనీలాలు ఆమెకే చెందుతాయని స్వామి వరమివ్వడం, ఆ కథంతా చెప్పింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు, ఒకే కొండ, ఒకే మొక్కు. అమ్మ మాట తీసుకుంటే విగ్గు పెట్టుకోవచ్చు, పిన్ని మాట తీసుకుంటే కాల్చేయాలి.

ఎల్యాషివ్ ముందు ఈ ప్రశ్న రావడం అదే మొదటిసారి కాదు. అంతకు చాలా ఏళ్ల ముందు, జుట్టు తీయడం సమర్పణ కాదన్న సమాచారం అందినప్పుడు ఆయన నిషేధించలేదు. 2004లో లండన్ రబ్బీ ఆహరోన్ డన్నర్ తిరుమల వచ్చి, యాత్రికులతో మాట్లాడి, ఇది వాళ్ల దృష్టిలో దేవుడికి ఇచ్చేదేనని చెప్పాక తీర్పు మారింది. శాస్త్రం మారలేదు, చేతికందిన వాస్తవం మారింది. కొత్త సమాచారం వస్తే పాత మాట వెనక్కి తీసుకోవడం, అదీ ఆ వయసులో, ఆ స్థానంలో ఉండి, చిన్న విషయం కాదు. దానికి నేను నమస్కారం పెడతాను.

అవమానం సంగతికి వస్తాను. ఆ విగ్గులు కొన్నవాళ్లు మనల్ని తేలిగ్గా తీసుకుని ఉంటే వాటిని కాల్చేవాళ్లు కాదు. "ఎక్కడో ఇండియాలో ఎవరో గుండు చేయించుకున్నారు, మనకెందుకు" అనుకుని తలకు పెట్టుకుని తిరిగేవాళ్లు. జుట్టు వ్యాపారానికి అది కిలోల లెక్క, పొడవు లెక్క. దేవస్థానం కూడా పొడవును బట్టి వేరుచేసి, బాగా పొడుగైనవి మొదటి రకంగా పెట్టి, ఇ-వేలంలో అమ్ముతుంది. ఏటా వంద కోట్ల రూపాయలకు పైగా ఆదాయం. ఈ మొత్తం దారిలో, ఈ జుట్టు వెనుక ఒక మొక్కు ఉంది, ఒక దేవుడున్నాడు, అది మామూలు సరుకు కాదు అన్నది బ్రూక్లిన్ ఆడవాళ్లే. వాళ్లు ఆ మాట వద్దనుకోవడానికి అన్నారు, నిజమే. అయినా అన్నారు, డబ్బు పోగొట్టుకుని మరీ అన్నారు.

హిందువుల పూజను "విగ్రహారాధన" అనే పాత గాటన కట్టవచ్చా అన్నది వేరే పెద్ద చర్చ, అది వాళ్లలోనే ఉంది. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల నాటి ప్రొవెన్స్ (దక్షిణ ఫ్రాన్స్) పండితుడు మెనాహెం మెయిరీ, ధర్మం కట్టుబాటుతో బతికే జాతులను మిష్నా మీద పండితుల చర్చల గ్రంథమైన తల్ముద్ చెప్పిన పాత విగ్రహారాధకుల లెక్కలో వేయకూడదన్నాడు. 2008లో జెరూసలేంలో హిందూ, యూదు మతపెద్దల సమావేశం జరిగింది. ఏ రూపం ముందు నిలబడినా హిందువు ప్రార్థించేది ఒకే పరమాత్మను అని అక్కడి ప్రకటనలో ఒప్పుకున్నారు. విగ్గులు కాలిన నాలుగేళ్లకు వచ్చిన మాట అది. ముందే వచ్చి ఉంటే తీర్పు మారేదా? మారకపోవచ్చు. సమావేశాల్లో చేసే ప్రకటన వేరు, జనం పాటించే తీర్పు వేరు.

నా మొదటి ఫిర్యాదు, విన్న గొంతుల సంఖ్య మీద. ఇదే హలఖా ఇంకో ప్రశ్నకు ఎలా జవాబు వెతికిందో చూడండి. వెంటిలేటర్ మీద ఉన్న, ఇక బతకని మనిషి. మిషను తీసేస్తే అది చంపడం అవుతుందని హలఖా భయం. కానీ మొదలుపెట్టకుండా ఉండటం, ఆగిపోయిన దాన్ని మళ్లీ మొదలుపెట్టకపోవడం వేరని కూడా ఆ శాస్త్రమే అంటుంది. దీన్ని తేల్చడానికి ఇజ్రాయెల్‌లో డాక్టరూ, రబ్బీ కూడా అయిన అవ్రాహం స్టైన్‌బర్గ్ అధ్యక్షతన 59 మందితో కమిటీ వేశారు. డాక్టర్లు, నర్సులు, న్యాయవాదులు, తత్వవేత్తలు, వేర్వేరు మతాలవాళ్లు కూర్చున్నారు. 2005లో వచ్చిన చట్టంలో వెంటిలేటర్‌కు టైమర్ పెట్టుకునే వీలు కల్పించారు. గడువు అయిపోగానే మిషను ఆగుతుంది. దాన్ని మళ్లీ నడపాలా వద్దా అన్నది అప్పుడు కొత్త నిర్ణయం. శనివారం విశ్రాంతి రోజున చేత్తో స్విచ్ వేయకూడదు కాబట్టి వాళ్ల ఇళ్లలో లైట్లకు టైమర్లు పెట్టుకుంటారు. ఆ ఆలోచననే ఐసీయూకు తెచ్చారు. మడత పేచీ అని కొందరు కొట్టిపారేస్తారు. నాకు అలా అనిపించదు. అయినవాళ్లు ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, "తీసేయమంటారా?" అన్న డాక్టర్ ప్రశ్నకు ఏం చెప్పాలో తెలియక నలిగిపోవడం చూసిన ఎవరికైనా, ఆ చెయ్యి మీద బరువు తగ్గించే దారి వెతకడం ఎంత అవసరమో తెలుస్తుంది.

అక్కడ అన్ని గొంతులు విన్నారు. మరి తిరుమల విషయంలో? కొండకు రోజూ వేలల్లో జనం వస్తారు, అన్ని భాషలవాళ్లు. పొద్దున్నే వచ్చి అమ్మను మాత్రమే అడిగి వెళితే ఒక తీర్పు వస్తుంది, మధ్యాహ్నం పిన్నిని అడిగితే ఇంకో తీర్పు వస్తుంది. ఒక పండితుడి పర్యటన మీద అంత బరువు వేయడం న్యాయం కాదు. జంతువు ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ కనిపిస్తే వేళ్లతో తడిమి, గాలి ఊది, నీళ్లు పోసి పరీక్షించే శాస్త్రం అది. మనుషుల నమ్మకాన్ని పరీక్షించేటప్పుడు ఆ ఓపిక ఇంకా ఎక్కువ ఉండాలి.

రెండో ఫిర్యాదు ఇంకా లోతైనది.

జెరూసలేం తల్ముద్‌లో రబ్బీ అకీవా భార్య గురించి ఒక మాట ఉంది. వాళ్లు కటిక పేదవాళ్లు. భర్త చదువుకోవడానికి ఆమె తన జడలు అమ్మింది. తర్వాత ఆయన అంతటి పండితుడై, జెరూసలేం నగరం చెక్కిన బంగారు నగ చేయించి ఆమెకు పెట్టాడు. అది చూసి రబ్బాన్ గమలీయేలు అనే మరో పెద్ద పండితుడి భార్య కుళ్లుకుంటే, ఆమె తన జడలు అమ్మి భర్తను చదివించింది, నువ్వు నా కోసం అలా చేసేదానివా అన్నది గమలీయేలు జవాబు. ఈ కథ చదివిన రోజు నేను పుస్తకం పక్కన పెట్టేశాను, వెంటనే ముందుకు వెళ్లలేకపోయాను. రెండు వేల ఏళ్ల యూదు చదువు మీద అకీవా ముద్ర ఎంతుందో చెప్పలేం. ఆ చదువు మొదలవడానికి ఒక పేద స్త్రీ తల మీది జుట్టు అంగడికి వెళ్లింది. జుట్టు అమ్ముకోవడమంటే ఏమిటో ఈ శాస్త్రానికి మొదటి నుంచీ తెలుసు.

తెలిసి కూడా 2004లో ఆ ప్రశ్న రాలేదు. తిరుమల జుట్టు వద్దన్నాక విగ్గుల వ్యాపారం యూరప్ జుట్టు వైపు తిరిగింది. "ఇందులో భారతీయ జుట్టు లేదు" అని రబ్బీల ధ్రువపత్రాలు మొదలయ్యాయి. తూర్పు యూరప్‌లో నడుము దాకా పెంచిన జుట్టు కత్తిరించి ఇచ్చే అమ్మాయి ఏ అవసరంలో ఇచ్చింది, ఎంత ఇచ్చారు, ఆమె సరే అందా లేక ఇంట్లోవాళ్లు ఒప్పించారా, ఇవి ఆ ధ్రువపత్రంలో ఉండవు. మన దగ్గర కూడా అంతే. చిక్కు వెంట్రుకలు కొనేవాళ్లు పల్లెల్లో సందు సందూ తిరుగుతారు. గోడ పగుల్లో ఉండ చుట్టి దాచుకున్న వెంట్రుకలకు బదులుగా స్టీలు గిన్నె, పిన్నీసులు, పిల్లలకు బుడగలు ఇచ్చి పోతారు. ఆ ఉండలు ఎక్కడెక్కడో చిక్కులు తీయించుకుని విదేశాలకు వెళతాయి. వీటి మీద ఏ దేవుడి పేరూ లేదు కాబట్టి శాస్త్రం దృష్టిలో చిక్కే లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఇది బయటివాళ్లు పెట్టే కొత్త కొలమానం అనడానికి వీల్లేదు. బవిలోను తల్ముద్‌లో ఒక పండితుడి ద్రాక్షరసం పీపాను కూలీలు మోస్తూ పగలగొడతారు. ఆయన వాళ్ల పైబట్టలు లాక్కుంటాడు. కూలీలు రవ్ అనే పెద్దాయన దగ్గరికి వెళితే, బట్టలు ఇచ్చేయమంటాడు. "ఇది చట్టమా?" అని పండితుడు అడుగుతాడు. "అవును, సజ్జనుల మార్గంలో నడవమని సామెతల గ్రంథంలో ఉంది" అంటాడు రవ్. "మేం పేదవాళ్లం, రోజంతా పనిచేశాం, ఆకలేస్తోంది, చేతిలో ఏమీ లేదు" అంటారు కూలీలు. కూలి కూడా ఇచ్చేయమంటాడు రవ్. "ఇదీ చట్టమేనా?" "ఇదీ చట్టమే."

ఆ "ఇదీ చట్టమే" అన్న మాట 2008లో మళ్లీ అవసరమైంది. అమెరికాలో అయోవా రాష్ట్రం పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో యూదు ఆహార నియమాల ప్రకారం తయారయ్యే మాంసానికి, అంటే కోషర్ మాంసానికి, దేశంలోకెల్లా పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఏడు మే 12న వలస శాఖ దాడి చేసి 389 మంది కార్మికులను అరెస్టు చేసింది. చాలామంది గ్వాటెమాలా నుంచి వచ్చిన పేదలు. అక్కడి పని పరిస్థితుల మీద వచ్చిన ఆరోపణలు వింటూ, ఎంతోమంది యూదు యువకులు తమ రబ్బీలను ఒక ప్రశ్న అడిగారు: కత్తికి చిన్న గాటు ఉంటే మాంసం చెల్లదు కదా, ఆ కత్తి పట్టినవాడికి అన్యాయం జరిగితే ఎలా చెల్లుతుంది? మరుసటి ఏడాది సనాతన యూదు యువత నడిపే ఒక సంస్థ "తవ్ హయోషెర్" అనే ముద్ర తెచ్చింది. కోషర్ హోటళ్లకు ఉచితంగా ఇచ్చారు. షరతులు మూడే: న్యాయమైన జీతం, న్యాయమైన పనిగంటలు, భద్రమైన పనిచోటు.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలికైనది కాదు. ఆహార నియమం ఆహారం గురించి, కూలి నియమం కూలి గురించి, రెండింటినీ కలిపేస్తే శాస్త్రం ఎవరి అభిప్రాయానికి తగ్గట్టు వాళ్లు సాగదీసే రబ్బరవుతుందని చాలామంది రబ్బీలు అన్నారు. కార్మికుడికి అన్యాయం చేసినవాడు పాపం చేశాడు, కానీ ఆ పాపం మాంసానికి అంటదు అని వాళ్ల మాట. శాస్త్రపరంగా అది సరైనదే. మాంసానికి అంటదని నేనూ ఒప్పుకుంటాను. కొనేవాడికి అంటదా అన్నదే నా ప్రశ్న. పందొమ్మిదో శతాబ్దంలో లిథువేనియాకు చెందిన రబ్బీ ఇజ్రాయెల్ సలాంటర్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. పస్కా పండుగ రొట్టెల బట్టీని తనిఖీ చేయడానికి వెళ్లే శిష్యులు ఏం ముఖ్యంగా చూడాలని అడిగితే, అక్కడ పిండి పిసికే ఆవిడ భర్త పోయిన మనిషి, తొందరపెట్టి ఆమె మీద అరవకండి అన్నాడట. పిండి పులవకుండా పద్దెనిమిది నిమిషాల్లోపే రొట్టె కాల్చేయాలన్న నియమం ఆయనకు తెలియక కాదు. అది శిష్యులు ఎలాగూ చూస్తారు. వాళ్లు చూడనిది ఆయన చెప్పాడు.

మన వైపు కూడా అడగాల్సింది ఉంది. మొక్కు జుట్టు విషయంలో అమ్మకు అన్యాయం జరిగిందని నేననను. ఆమె ఇష్టపడి ఇచ్చింది, ఏమీ ఆశించలేదు, ఆ డబ్బు దేవస్థానానికి చేరినందుకు సంతోషమే. కానీ తన జడ వేలానికి వెళుతుందని, అక్కడి నుంచి ఖండాలు దాటి ఎవరో పరాయి ఆడమనిషి తల మీదికి చేరుతుందని ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు. విన్నాక కాసేపు ఆలోచించి, "ఎవరో ఒకరికి పనికొస్తే మంచిదే. కాల్చారంటేనే బాధేసింది. ఎంత ఒత్తుగా ఉండేది" అంది.

అందుకే నేను కోరేవి రెండు. కల్యాణకట్టలో టోకెన్ ఇచ్చే చోట, తీసిన జుట్టు ఎక్కడికి పోతుందో, దాని డబ్బు ఏమవుతుందో అందరూ చదువుకునేలా అన్ని భాషల్లో ఒక బోర్డు పెట్టాలి. విగ్గుకు ధ్రువపత్రం ఇచ్చే రబ్బీలు, ఈ జుట్టు ఏ గుడి నుంచి రాలేదు అని రాసిన చోటే ఇంకో వాక్యం కూడా చేర్చాలి: ఇచ్చిన మనిషిని అడిగాం, ఆమెకు తగిన ధర ముట్టింది. ఇది చట్టమా అని ఎవరైనా అడిగితే, రవ్ చెప్పిన జవాబు వాళ్ల దగ్గర సిద్ధంగానే ఉంది.